నల్ల టేపు కింద గాజు కన్ను

ఇస్సాకు మావయ్య ఇక లేడన్న వార్త గత మంగళవారం ఉదయం, సాల్ట్ లేక్‌లో ఒక ఆఫీసు బస్సు కింద పడుకుని ఏసీ గొట్టం బిగిస్తుండగా నాకు తెలిసింది. ఫోను చేసింది రాహేలు అత్తయ్య. "మీ మావయ్య ఎల్లిపోనాడు బాబూ. టీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకి చేరబడ్డాడు. పిలిస్తే పలకనేదు" అంది. ఆమె గొంతులో ఏడుపు లేదు. జరిగిన దాన్ని ఆమె ఇంకా నమ్మలేకపోతోందని అర్థమైంది. ఫోను పెట్టేశాక కూడా చాలాసేపు నేను బస్సు కిందనుంచి లేవలేదు. ఆదివారం చర్చి మెట్ల దగ్గర ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "మళ్ళీ వారం ఓపాలి రా, నీతో పనుంది" అన్నాడు. ఆ పని ఏమిటో ఇక నాకు తెలిసే దారి లేదు.

మాకు రక్తసంబంధం లేదు. సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో ఉండే మా నాన్న, ఏక్‌బాల్‌పూర్‌లో కార్ల ఏసీలు బాగుచేసే ఈయన, చర్చిలో ఒకే బల్ల మీద కూర్చునేవారు. ఆ చనువుతో మావయ్య అయ్యాడు. శ్రీకాకుళం తీరం నుంచి వాళ్ళ నాన్న రేవులో కూలిపనికి వస్తే, ఆయన వెంట వచ్చి, ఓడల్లో చేపలు దాచే చల్లగదుల దగ్గర పని నేర్చుకున్నవాడు. ఇక్కడి బెంగాలీలకు ఆయన ఐజాక్‌దా, అంటే ఇస్సాకన్న. నేను డిప్లొమా పూర్తి చేసిన నెలలోనే మా ఇంటికి వచ్చి, "నీ కొడుకుని నాకియ్యి బావా. కొత్త గ్యాసొచ్చింది. దాని కాయితాలు సదవడానికి నాకో మనిషి కావాల" అని అడిగి తీసుకెళ్ళాడు.

నాకు ఏదైనా జాబితాగా రాసుకునే అలవాటు ఉంది. ఆయన గురించి రాయమని మన సంఘ పత్రిక వారు అడిగినప్పుడు తొమ్మిది అంశాలు వేసుకున్నాను. తర్వాత ఏడోదాన్ని కొట్టేశాను. అది నాకు ఇబ్బంది కలిగించే అంశం. రెండు రోజులు ఆలోచించాక, మిగతా ఎనిమిదీ లేకపోయినా ఫర్వాలేదు, అది లేకపోతే ఈ మనిషి లేడని తేలింది. అందుకే ప్రధానంగా దాన్నే రాస్తున్నాను.

ముందు ఆయన పనితనం గురించి ఒక మాట. కారు ఏసీలో గ్యాసు సరిపడా ఉందో లేదో చూడటానికి ఇంజను ముందు గ్యాసును వడగట్టే సీసా మీద రూపాయి బిళ్ళంత గాజు కన్ను ఉంటుంది. గ్యాసు తక్కువైతే అందులో నురుగు కనిపిస్తుంది. నిండితే తేటపడుతుంది. మావయ్య ముప్పై ఏళ్ళు ఆ గాజులోకి చూసి, గొట్టం మీద మణికట్టు వెనక వైపు ఆనించి, గ్యాసు నింపాడు. తర్వాత తాను వెనక సీట్లో కూర్చుని ఖిదిర్‌పూర్ దాకా తిప్పించేవాడు. "ముందు కూకున్నోడికి సల్లగుంటే సరిపోద్దేటి? ఎనక కూకున్నోడు ఏసీ ఉందన్న సంగతే మర్సిపోవాల" అనేవాడు. ఆ గాజులోకి చూసే ఆయన చూపు మీద చుట్టుపక్కల గ్యారేజీలన్నిటికీ గురి ఉండేది.

పాత గ్యాసు ఆకాశంలో ఎండను కాచే పొరను తినేస్తోందని ప్రపంచమంతా దాన్ని ఆపేస్తున్న రోజులవి. బజారులో దొరకడం తగ్గింది. దొరికినా కల్తీ. పాత కార్లను కొత్త గ్యాసుకు మార్చక తప్పలేదు. నేను పత్రాలు చదివి ఆయనకు వరసగా చెప్పేవాణ్ణి: పాత నూనె చుక్క కూడా మిగలకుండా తీయాలి, ఎందుకంటే కొత్త గ్యాసు దాన్ని మోసుకుపోలేదు. సీసా మార్చాలి. రబ్బరు రింగులు మార్చాలి. గాలీ తేమా పూర్తిగా లాగేయాలి. ఇవన్నీ ఆయన నాకంటే శ్రద్ధగా చేశాడు. ఒక్క ఆఖరి అంశం దగ్గర మాత్రం నవ్వాడు. కొత్త గ్యాసును తూకం వేసి, పాతదానికంటే తక్కువ ఎక్కించాలి. గాజును నమ్మకూడదు, సరిగ్గా నిండినా ఈ గ్యాసుకు అది మసకగానే కనిపించవచ్చు.

"గ్రాముల్లో తూయడానికి ఇదేటి బంగారవా? ఒరే, ఈ కళ్ళు నీ పుట్టుక ముందునించి గాజు సూత్తున్నాయి" అన్నాడు.

అప్పుడు వచ్చింది దీదీమొణి కారు. రిటైరైన బడి పంతులమ్మ కాబట్టి వీధంతా ఆమెను బెంగాలీలో అలా, అంటే టీచరమ్మా అని, పిలిచేది. పాత తెల్ల అంబాసిడర్. ఆమె భర్తకు ఊపిరితిత్తుల జబ్బు. వారానికి రెండుసార్లు ఆసుపత్రికి వెళ్ళాలి. దుమ్మూ పొగా తగలకుండా అద్దాలు మూసుకుని వెళ్ళాలి, అందుకే ఆ కారులో ఏసీ సుఖం కోసం కాదు. నేను తూకం చూసి ఆరువందల యాభై గ్రాముల దగ్గర ఆపాను. మావయ్య గాజులోకి వంగాడు. మసక. మీట మళ్ళీ తిప్పాడు. గాజు తేటపడేదాకా ఎక్కించాడు. నేను పక్కనే ఉన్నాను. ముల్లు ఎక్కడిదాకా వెళ్ళిందో చూశాను. "మావయ్యా, ఎక్కువైంది" అనడానికి నోరు తెరిచి, ముప్పై ఏళ్ళ చూపు ముందు నా డిప్లొమా ఎంతలే అనుకుని మూసేశాను. ఏడో అంశం ఇదే.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం ఆ కారు ఎర్రజెండాల ఊరేగింపు వెనక ముప్పావు గంట ఆగిపోయింది. కదలని కారులో, ఆ ఎండకు, ఎక్కువైన గ్యాసు ఒత్తిడి తట్టుకోలేక గొట్టం పగిలింది. బానెట్ కిందనుంచి తెల్లటి పొగ లేచింది. అద్దాలు దించక తప్పలేదు. లోపల ఆ పెద్దాయన ఊపిరి అందక సీటు మీదికి ఒరిగిపోయాడు. ఊరేగింపులోని కుర్రాళ్ళే ఆయన్ని చేతుల మీద అవతలి వీధికి మోసి టాక్సీ ఎక్కించారు. బతికాడు. కానీ ఆ సంగతి మాకు సాయంత్రం దాకా తెలియలేదు. డ్రైవరు కారును మా గ్యారేజీకి లాగించుకొచ్చి జరిగింది చెప్పాక, ఆ మధ్యాహ్నమంతా మావయ్య పగిలిన గొట్టాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాడు. దీదీమొణి వరండాలో ఉంది. నేను ఏదో చెప్పబోయాను. ఆయన నా మోచెయ్యి పట్టి వెనక్కి లాగి, "భూల్ ఆమార్, దీదీ" అన్నాడు. తప్పు నాది. అంతే. ఊరేగింపు మాటా ఎత్తలేదు, ఎండ మాటా ఎత్తలేదు, నా మాటా ఎత్తలేదు. తిరిగి వచ్చేటప్పుడు ట్రాములో, "నేను చూశాను మావయ్యా, చెప్పలేదు" అన్నాను. "సెప్తే ఇనీవోణ్ణేటి నాను?" అన్నాడు, కిటికీ బయటికి చూస్తూ.

ఆ మర్నాటి నుంచి ఆయన గ్యారేజీకి రాలేదు. మూడు రోజులు పనిముట్ల పెట్టెకు తాళం వేసి ఇంట్లో కూర్చున్నాడు. "ఇంక పని సెయ్యనంతన్నాడు. కళ్ళు పోనాయంట. పేపరు మాత్రం సుబ్బరంగా సదూతున్నాడు" అని అత్తయ్య నాతో వాపోయింది. నాలుగో రోజు దీదీమొణి స్వయంగా వాళ్ళింటి గుమ్మంలోకి వచ్చింది. మావయ్య లేచి నిలబడి, చేతులు జోడించి, వేరే మంచి మేస్త్రి పేరు చెప్పబోయాడు. ఆమె బడిలో పిల్లవాణ్ణి అడిగినట్టు అడిగింది: "భూల్ తోమార్, తో ఠిక్ కొర్‌బే కే?" తప్పు నీదైతే, సరిచేసేదెవరు?

ఆయన చొక్కా వేసుకున్నాడు.

కొత్త గొట్టం, కొత్త సీసా, అన్నీ మొదటినుంచి చేశాం. గ్యాసు ఎక్కించే వేళకు మావయ్య జేబులోంచి కరెంటు పనివాళ్ళ నల్ల టేపు తీసి, గాజు కన్ను మీద అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి అంటించాడు. తర్వాత కారుకు వీపు తిప్పి నిలబడ్డాడు. "నువ్వు తూకం సూడు. పైకి సెప్పు. నాను మొగం ఇటే ఉంచుతాను. లేపోతే సెయ్యి ఊరుకోదు" అన్నాడు. నేను అంకెలు చదువుతూ వెళ్ళి, "ఆరువందల యాభై, మావయ్యా" అన్నాను. వెనక్కి చూడకుండానే చెయ్యి చాచి మీట కట్టేశాడు. టేపు మీద సుద్దముక్కతో ఆ అంకె వేశాడు.

అప్పటినుంచి మేము మార్చిన ప్రతి కారుకూ అదే పద్ధతి. పక్క షెడ్డు నాసిర్ భాయి ఒకరోజు బానెట్‌లోకి తొంగిచూసి, "క్యా ఐజాక్‌దా, గాడీ కా మోతియాబింద్ ఆపరేషన్ కియా?" అని నవ్వాడు. కారుకు శుక్లాలు తీశావా అని. మావయ్య చెయ్యి తుడుచుకుంటూ, "గాడీ కా నహీ భాయ్, మేరా" అన్నాడు, కారుకు కాదు, నాకు అని. తర్వాత నాసిర్ భాయి కూడా టేపు కొన్నాడు. తెలిసిన పనిని పక్కన పెట్టడం కొత్త పని నేర్చుకోవడం కంటే కష్టమని నాకు ఏ తరగతిలోనూ చెప్పలేదు. యాభై ఐదేళ్ళ వయసులో, అందరూ చూస్తుండగా, తన చూపుకు తానే కట్టు కట్టుకున్న మనిషిని చూసి తెలుసుకున్నాను. అలాంటి గురువు నాకు మరొకరు దొరకరు. మన సంఘానికీ దొరకడం కష్టం.

భూస్థాపన జరిగిన మర్నాడు పనిలోకి వెళ్ళాను. కొన్నేళ్ళుగా నేను బస్సుల ఏసీలు చూస్తున్న ఆఫీసు గేటు దగ్గర ఒక పాత అంబాసిడర్ డ్రైవరు, చల్లదనం తగ్గింది చూడమని బతిమాలాడు. బానెట్ ఎత్తాను. అంచులు లేచిన నల్ల టేపు, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. సుద్ద అంకె చెరిగిపోయింది. "ఎటా కీ, దాదా?" ఇదేంటన్నా అంటూ డ్రైవరు గోటితో టేపు లేపబోయాడు. అతని చెయ్యి పట్టుకున్నాను.

లోపలికి వెళ్ళి తూకం యంత్రం తెచ్చాను. ఉన్నదంతా తీసేసి, లీకు కట్టి, మళ్ళీ మొదటినుంచి ఎక్కించాను. ముల్లు ఆగిన చోట, అలవాటు కొద్దీ, పైకే అన్నాను.

"ఆరువందల యాభై, మావయ్యా."

మీట కట్టేయడానికి ఆయన చెయ్యి చాచుకు రాలేదు. నేనే కట్టేసి, సుద్దముక్క కోసం జేబులు వెతుక్కున్నాను.