వాల్వు సీటు మీద గీత

మీరు తార్యాని ఒక్కసారి కలిసి తీరాలండీ! చిపాచింగ్ ఊళ్లో గాలి తుపాకులు చెయ్యని ఇల్లు లేదు. కానీ గాలి ఎక్కడ కారుతోందో పట్టేది ఎవరంటే, పదేళ్ల కిందట అందరూ తార్యా ఇల్లే చూపించేవాళ్లు. ఇప్పుడు ఎదురిల్లు చూపిస్తున్నారు. అదే అతని కడుపుమంట.

ఎదురింట్లో ఉన్నది పరాయివాళ్లు కూడా కాదు, సొంత వదిన రొకాయా. అన్న కోసిం చనిపోయిన నెలకే ఆవిడ ఆయన పనిబల్ల ముందు కూర్చుంది. తార్యా అయితే తుపాకీని చేపల గుంటలో ముంచి బుడగల కోసం గంటసేపు చూస్తాడు. ఆవిడ పై పెదవి తడుపుకుని అతుకుల వెంట అలా జరుపుతుంది, చల్లగా తగిలిన చోట ఆగుతుంది. అంతే, దొరికిపోతుంది! ఒకరోజు తార్యా తలుపేసుకుని తనూ అలా చేసి చూశాడు. మీసమంతా గ్రీజు. "మీసం తీసేసి చూడు, మీ వదినంత అవుతావేమో" అని పెళ్లాం కడుపు పట్టుకుని నవ్వింది. అప్పట్నుంచి వీధిలో ఏ బండి ఆగినా అతని చెవులు అటే. ఎదురింటి ముందు ఆగిందా, ఆ పూట అన్నం సహించదు.

అలాంటిది, ఓ శుక్రవారం హాజీ సొబ్రి బండి ఇతని గుమ్మంలో ఆగింది! కొబ్బరితోటల ఆసామి, వేటగాళ్ల సంఘానికి పెద్ద.

"ఈ తుపాకీకి మీ వదిన మూడుసార్లు రబ్బరు రింగులు మార్చిందయ్యా. పొద్దున గాలి నింపితే సాయంత్రానికి మీటరు ముల్లు సగానికి పడిపోతోంది. ఎల్లుండి ఉడతల వేట. నువ్వు బాగుచేశావంటే సంఘం తుపాకులన్నీ ఇకనుంచి నీకే."

"వదినకి దొరకలేదా?" తార్యా ఎంత ఆపుకున్నా మొహం వెలిగిపోయింది.

బ్యారెల్ మూతి నీళ్లపైన ఉంచి గుంటలో ముంచాడు. బుడగ లేదు. సబ్బునురగ రాశాడు. లేదు. చివరికి బ్యారెల్ మూతికి ఒక బెలూన్ కట్టి, హాజీతో కలిసి నమాజుకెళ్లాడు. తిరిగొచ్చేసరికి బెలూన్ కోడిగుడ్డంత ఉబ్బింది.

"గాలి వాల్వులోంచి పోతోంది హాజీగారూ! అతుకుల దగ్గర ఎంత వెతికితే ఏం లాభం?"

"వాల్వు విప్పమని నేనూ అన్నాను. మీ వదిన వింటేగా! 'ఆ సీటు మా మరిది చేత్తో లేత్ మిషన్ మీద తీసింది. దాన్లో లోపం ఉండదు' అంది."

తార్యా చేతిలో పానా ఆగిపోయింది.

హాజీ వెళ్లాక విప్పాడు. వాల్వు కూర్చునే ఇత్తడి సీటు మీద వెంట్రుకంత గీత. అంచున తన గుర్తు. లేత్ మీద తీసినప్పుడే పడ్డ గీతని ఇన్నాళ్లూ వాల్వు మెత్తదనం కప్పేసింది, అది అరిగాక గాలి దారి వెతుక్కుంది. సన్న రాపిడి పేస్టుతో నున్నగా రుద్ది బిగించాడు. మర్నాటి సాయంత్రానికి ముల్లు కదల్లేదు.

ఆదివారం తోటలో సంఘమంతా చేరింది. రొకాయా కూడా వచ్చింది.

"ఎక్కడయ్యా తేడా?" హాజీ అందరికీ వినపడేలా అడిగాడు.

"వాల్వు పక్కన రింగే హాజీగారూ. వంకరగా కూర్చుని వాల్వుని సరిగా మూసుకోనివ్వలేదు."

మొహాలన్నీ రొకాయా వైపు తిరిగాయి. ఆవిడ ఒక్క క్షణం తార్యాని చూసింది. "నా చెయ్యే తప్పిందేమోలే. పోనీ, మా తార్యా చూశాడు, అదే నయం" అంది.

ఇప్పుడు సంఘం తుపాకులన్నీ తార్యా అరుగు మీదే ఉన్నాయి. అయినా కుళ్లు పోలేదు. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. అంతలా నమ్మడం కూడా ఆవిడకే చేతనైందని, దానికీ ఏడుస్తున్నాడు.

పదేళ్ల తర్వాత జనం మళ్లీ మీ నోటివంక చూస్తున్న ఆ ఒక్క నిమిషంలో, "గీత నాదే" అని మీరైతే అనేవాళ్లా?