గోడవైపు తిరిగిన సముద్రాలు

లవీనియా మా గ్లోస్టర్ రేవులో తెరచాపలు కుట్టేవాడి కూతురు. కత్తిరింపుల్లో మిగిలిన గుడ్డ మీద బొమ్మలు వేస్తూ పెరిగింది. మేనత్త వెంట పారిస్ వెళ్ళి చదువుకొచ్చాక ఆమె బొమ్మల్లో సముద్రం ఎర్రబడింది, పడవలు పలకలు పలకలుగా విరిగాయి. తర్వాత ఆల్డెన్ సూవల్‌ను పెళ్ళాడింది. అతనూ చిత్రకారుడే. వేసవికి బోస్టన్ నుంచి దిగే గొప్పింటి ఆడవాళ్ళకు బంగారు సూర్యాస్తమయాలు వేసి అమ్మేవాడు.

ఇంటికెవరొచ్చినా భార్య బొమ్మ ముందు నిలబెట్టేవాడు. "చూశారా, మా ఆవిడ సముద్రానికి తట్టు పోసింది!"

అందరూ పగలబడి నవ్వేవారు. చేపల పులుసు వడ్డిస్తూ ఆమె కూడా నవ్వేది. పక్కింటిదాన్ని, సాయానికి వెళ్ళి చూసేదాన్ని.

1913లో న్యూయార్క్‌లో ఒక చిత్రప్రదర్శనవాళ్ళు ఆమె బొమ్మ తీసుకున్నారు, అతనివి తిప్పిపంపారు. ఆమెను రైలెక్కించి, నవ్వుతూనే చెయ్యూపాడు.

వసంతంలో ఆమె తిరిగొచ్చేసరికి పనిగది ఖాళీ.

"నా బొమ్మలేవి?"

"మంచి గుడ్డ, వృథా ఎందుకని వాటి వెనకవైపు నావి వేశాను. అన్నీ బోస్టన్‌లో అమ్ముడుపోయాయి."

"మరి నావి?"

"ఎక్కడికి పోతాయే? గోడవైపున్నాయి. వాటి మీద చెక్క కూడా కొట్టించా, దుమ్ము పడదు."

లవీనియా బోస్టన్ వెళ్ళింది. బొమ్మ కొన్న ఓ ఇంటి తలుపు తట్టి, ఆ చెక్క ఒక్కసారి ఊడదీయనివ్వమని బతిమాలింది.

"నీ ఏడుపు గురించి మీ ఆయన ముందే చెప్పాడులే," అని ఇంటావిడ తలుపు మూయించింది.

నాలుగేళ్ళకు ఆల్డెన్‌కు పక్షవాతం వచ్చింది. చెయ్యీ పోయింది, మాటా పోయింది. లవీనియా అతనికి తినిపించేది, ఒళ్ళు తుడిచేది. ఒకనాడు మంచాన్ని కిటికీ దగ్గర్నుంచి లాగి గోడకెదురుగా వేసింది. పైనుంచి కిందిదాకా ఆ గోడంతా ఎర్రటి సముద్రం వేసింది. అతను తల తిప్పలేడు. చెంపల మీదుగా నీళ్ళు కారేవి.

"పాపం, కాస్త కిటికీవైపు తిప్పవే లవీనియా," అన్నాను.

"కళ్ళు మూసుకోవచ్చుగా తబితా. అవి బానే పనిచేస్తున్నాయి."

ఆ శీతాకాలం దాటలేదు అతను. ఇల్లు కొన్నవాళ్ళు దిగగానే గోడకు సున్నం కొట్టించారు. లవీనియా వూస్టర్‌లో ఆడపిల్లల బడిలో ఆపిల్ పళ్ళు గీయడం నేర్పేది. చూడ్డానికి వెళ్ళినప్పుడు, ఇంకా బొమ్మలు వేస్తున్నావా అని అడిగాను.

"బడి వదిలేసరికి కాళ్ళు లాగేస్తాయే," అంటూ టీ పోసింది.