ఒంటిచేతి మామయ్య ఓడెక్కిన వైనం

ఒంటి చేత్తో ఎత్తలేనిది మనది కాదు. మామయ్యకున్న మతం, రాజకీయం, వేదాంతం అన్నీ కలిపితే ఈ ఒక్క వాక్యమే. ఊరికెళ్లినా, బజారుకెళ్లినా, పక్కవీధిలో విందుకెళ్లినా, తన వెంట వచ్చేవాళ్లెవరూ ఒక చేత్తో తేలిగ్గా ఎత్తగలిగినంతకు మించి రుమాలు కూడా అదనంగా తేకూడదు. ఈ గుణం చూసి చుట్టాలు ఆయనకు ఒంటిచేతి మామయ్య అని పేరు పెట్టారు. పేరు మాత్రమే విన్న కొత్తవాళ్లు, పాపం ఆ రెండో చెయ్యి ఎలా పోయిందని జాలిగా అడిగేవారు. తీరా రెండు చేతులూ ఊపుతూ ఉపన్యాసం ఇస్తున్న మనిషిని చూశాక, ఎవరి మీద వాళ్లే జాలిపడేవారు.

ఒకసారి బజారులో పుచ్చకాయ కొన్నాడు. ఒంటి చేత్తో ఎత్తి చూస్తే మణికట్టు కాస్త వంగింది. అంతే, కాయను అక్కడే రెండు చెక్కలు చేయించి, ఒక చెక్క దారిన పోయేవాడి చేతిలో పెట్టి ఇంటికొచ్చాడు. ఆ సంగతి తెలిసి, వరసకు బావమరిది అయినవాడు నలుగురిలో నిలదీశాడు. “మరి మా అక్కనో బావా? ఒంటి చేత్తో ఎత్తగలవా?” అత్తయ్య బడిలో ఆటల టీచరు. నిలువెత్తు మనిషి. గాలివానకు పడిపోయిన బాస్కెట్‌బాల్ స్తంభాన్ని ఒక్కతే లేపి నిలబెట్టిందని ఆ బడిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మామయ్య ఆవిణ్ణి ఎగాదిగా చూసి, “ఆవిడ నాది కాదు, నేనే ఆవిడవాణ్ణి” అన్నాడు.

ఇంతకీ మామయ్య వృత్తి పెట్టెల రిపేరు. అతిగా కుక్కడం వల్ల తెగిన జిప్పులు, ఊడిన చక్రాలు, విరిగిన పిడులు, ఇవే ఆయనకు అన్నం పెట్టేవి. అలాంటి మనిషి, జిప్పు వేయించుకోవడానికొచ్చిన వాణ్ణి కూర్చోబెట్టి, అసలు ఇందులో ఏం పెట్టావని కూపీ లాగి, సగం సామాను అనవసరమని తేల్చి పంపేవాడు. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమంటే ఇదేనని అత్తయ్య నెత్తి కొట్టుకునేది. “పెట్టె విరిగితే నాకు లాభం. మనిషి విరిగితే ఎవరికి లాభం?” అనేవాడు మామయ్య. ఆ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పేవారు కాదు, ఎందుకంటే ఎవరూ వినేవారు కాదు.

ఇలాంటి మనిషితో ఓడ ప్రయాణం పెట్టుకోవడం కొరివితో తల గోక్కోవడమని మేనకోడలికి తెలుసు. కానీ ఏం చేస్తుంది? అన్నయ్య పనిచేసే ప్రయాణాల ఆఫీసులో ఉద్యోగులకు చవగ్గా టికెట్లు ఇచ్చారు. తను, అన్నయ్య, మామయ్య, అత్తయ్య. ఐదు రోజులు నీళ్లమీద, తిండి ఓడవాళ్లదే, పక్కబట్టలు ఓడవాళ్లవే.

మేనకోడలికి ఈ ప్రయాణంలో ఒకే ఒక్క పని ఉంది. ఆమెది బ్యూటీ పార్లరు. పార్లరు బోర్డు మీద ఉన్న అందగత్తె ఎవరో ఎవరికీ తెలియదు. పైగా ఎండకు ఆ అందగత్తె మొహం పసుపుపచ్చగా తిరిగి, పచ్చకామెర్లు వచ్చినట్టు కనిపిస్తోంది. ఇక ఆ స్థానంలో తన ఫోటోనే పెట్టాలని మేనకోడలు తీర్మానించుకుంది. ఓడలో కెప్టెన్ ఇచ్చే విందు ఉంటుంది. ఆ రాత్రి మెరుపుల నీలం గౌను వేసుకుని, మెట్ల మీద నిలబడి ఫోటో తీయించుకోవాలి. తిరిగి రాగానే కొత్త బోర్డు ఎక్కాలి. దాని కోసం గౌనుతో పాటు ఎత్తు మడమల చెప్పులు, జుట్టు ఆరబెట్టే యంత్రం, జుట్టు ఉంగరాలు తిప్పే యంత్రం, రంగుల డబ్బా, ఆ డబ్బాలో పట్టని రంగులకు ఇంకో డబ్బా కావాలి. ఇవన్నీ ఎర్ర చక్రాల పెట్టెలో సర్దింది. పెట్టె మూసుకోవడానికి దాని మీద అన్నయ్య కూర్చోవలసి వచ్చింది.

బయల్దేరే ముందురోజు మామయ్య పరీక్ష పెట్టాడు. ఇది కొత్తేమీ కాదు, ఏ ప్రయాణానికైనా ఉన్నదే. పెట్టె ఒంటి చేత్తో పట్టుకుని డాబా మీదికి ఎక్కి దిగాలి. ఎక్కుతూ దిగుతూ, పొద్దున ఏం తిన్నామో ఆయాసం లేకుండా చెప్పాలి. ఎక్కడ మాట తెగితే అక్కడ ఒక వస్తువు పెట్టెలోంచి బయటికి రావాలి.

“రొట్టె...” అంది మేనకోడలు మొదటి మలుపులో. రెండో మలుపు దగ్గర గోడకు ఆనుకుంది.

“రొట్టెలోకి ఏమిటో చెప్పలేకపోయావు. ఆ ఆరబెట్టే యంత్రం తీసెయ్.”

రెండోసారి వెన్న దాకా వచ్చింది. చెప్పులు పోయాయి. మూడోసారి గుడ్డు దగ్గర గొంతు ఆరిపోయి రంగుల డబ్బాలు పోయాయి. చివరికి నీలం గౌను కూడా మంచం మీదికి చేరాక, మేనకోడలు తిన్నదీ తాగిందీ గడగడా అప్పజెప్పి పరీక్ష నెగ్గింది. పెట్టె తేలికైంది, గుండె బరువెక్కింది. అత్తయ్య వంటగదిలోంచి మొగుణ్ణి దులిపేసింది. “చీమ కూడా తనకంటే పెద్ద గింజ మోస్తుంది. మీకు ఆపాటి పౌరుషం లేదు.” అంటూనే తన చిన్న చేతిసంచీతో డాబా ఎక్కి దిగింది. తను తిన్నదే కాకుండా పక్కింటివాళ్లు తిన్నది కూడా చెప్పింది.

మామయ్య చట్టం చేస్తే మేనకోడలు సందు వెతికింది. ఓడరేవులో ఒక సదుపాయం ఉంది. పెద్ద పెట్టెలు గేటు దగ్గర కూలీలకు అప్పగిస్తే, గది నంబరు చీటీ అంటించి, సాయంత్రానికి వాళ్లే గది గుమ్మం ముందు పెట్టిపోతారు. అన్నయ్య ఆ ఎర్ర పెట్టెను యథాతథంగా నింపి ఆఫీసు బండిలో ముందే పంపేశాడు. మామయ్య కళ్లకు కనబడటానికి మేనకోడలు నాలుగు బట్టలు ఒక చిన్న పెట్టెలో పెట్టుకుని బయల్దేరింది. మామయ్య తన గుడ్డసంచీ భుజానికి తగిలించుకుని, బండల్లాంటి పెట్టెలు దింపుతున్న ప్రయాణికుల మధ్యనుంచి, ఏ జిప్పు ఎప్పుడు తెగుతుందో జోస్యం చెప్పుకుంటూ ఓడెక్కాడు.

ఆడవాళ్లిద్దరికీ ఒక గది, మగవాళ్లిద్దరికీ పక్కది. సాయంత్రం తలుపు తీస్తే ఎర్ర పెట్టె గుమ్మంలో నిలబడి ఉంది. అత్తయ్య దాన్ని చూసింది, మేనకోడల్ని చూసింది, కాలితో మంచం కిందికి నెట్టింది. అత్తయ్య తన పక్షమేనని మేనకోడలికి ప్రాణం లేచొచ్చింది.

ఓడలో మామయ్యకు వినోదానికి కొదవలేదు. ఐదు రోజులకు చెప్పుల కోసమే ఒక పెట్టె తెచ్చిన కుటుంబాన్ని చూశాడు. తన దిండు, తన దుప్పటి, తన కుర్చీ తెచ్చుకుని, అంతా మోసుకొచ్చినందుకు నడుం పట్టేసి, ఓడవాళ్ల మంచం దిగని ఆసామిని పరామర్శించాడు. అందరికీ సిద్ధాంతం బోధించాడు. మూడో రోజుకల్లా ఈయన ఎదురొస్తుంటే జనం లిఫ్టులోకి దూరిపోవడం మొదలుపెట్టారు.

కెప్టెన్ విందు రాత్రి మేనకోడలు నీలం గౌనులో మెట్లు దిగింది. జుట్టు ఉంగరాలు తిరిగింది, చెప్పులు టకటకలాడాయి. ఓడెక్కిన రోజు వేసుకున్న కోటులోనే ఉన్న మామయ్య కళ్లప్పగించి చూశాడు.

“దీని బరువెంత?”

“గాలి, మామయ్యా.”

“గాలి ఇంత మెరవదే” అన్నాడు కానీ, ఫోటోగ్రాఫరు వచ్చేసరికి పక్కకు తప్పుకుని, మెడ తిప్పమని, నవ్వమని ఆయనే హడావిడి చేశాడు. ఫోటో దివ్యంగా వచ్చింది. బోర్డు ఖాయమైపోయింది.

చిక్కంతా దిగేటప్పుడు వచ్చింది. ఆఖరి రాత్రి పెట్టెలు గుమ్మం బయట పెడితే కూలీలు పట్టుకుపోయి రేవులో అందిస్తారు. లేదంటే ఎవరి సామాను వాళ్లే మోసుకుని అందరికంటే ముందు దిగిపోవచ్చు. మామయ్య తమ నలుగురి పేర్లూ రెండో రకంలో రాయించి, మీసం తడుముకున్నాడు. మేనకోడలు మాత్రం ఎర్ర పెట్టెను చడీచప్పుడు కాకుండా బయట పెట్టేద్దామనుకుంది. ఫోటోల కౌంటరు దగ్గర మెడ ఎటు తిప్పినది బాగుందో తేల్చుకుని గదికి వచ్చేసరికి కూలీలు వచ్చి వెళ్లిపోయారు.

తెల్లారింది. లిఫ్టుల ముందు జనం కిటకిటలాడుతున్నారు. బట్టలన్నీ రాత్రే పెట్టెలో సర్ది పంపేసి, కాళ్లకు తొడుక్కోవడానికి ఒక ప్యాంటు ఉంచుకోవడం మరచిన పెద్దమనిషి, టవలు చుట్టుకుని గంభీరంగా వరసలో నిలబడ్డాడు. మామయ్య ఆయన వంక తృప్తిగా చూసి, మనకు లిఫ్టెందుకని మెట్ల దారి పట్టించాడు. మేనకోడలు చిన్న పెట్టె ఒక చేత్తో, ఎర్ర పెట్టె ఇంకో చేత్తో ఈడ్చుకుంటూ, ఆయన వెనక్కి తిరక్కూడదని మొక్కుకుంటూ దిగుతోంది. మెట్టు మెట్టుకూ ఎర్ర పెట్టె దబ్బుమంటోంది.

“ఇలా తే, నేనందుకుంటా” అని పక్కనున్న అత్తయ్య దాని పిడి పట్టుకుంది.

మామయ్య వెనక్కి తిరిగాడు. ఆ మనిషి అంత వేగంగా కదలడం మేనకోడలు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. రెండేసి మెట్లు ఎగబాకి, అత్తయ్య చేతిలోంచి పెట్టె లాగేసుకున్నాడు. “బుద్ధుందా నీకు?” అని మేనకోడలి మీద అరిచాడు. ఆమె మీద ఆయన అరవడం అదే మొదటిసారి. అత్తయ్యను మాత్రం, కింద వరసలో చోటు పోతుంది, ముందు వెళ్లి నిలబడమని తొందరపెట్టి పంపేశాడు.

తర్వాత ఆ పెట్టెను ఒంటి చేత్తో ఎత్తబోయాడు. రెండు చేతులూ వేశాడు. చివరికి కౌగిలించుకుని దిగాడు. మలుపు దగ్గర దింపి, దాని మీదే కూలబడ్డాడు. మేనకోడలికి ఏడుపొచ్చేసింది. తప్పయిపోయిందనీ, అంతా బోర్డు ఫోటో కోసమేననీ చెప్పుకుంది.

“బోర్డు కాదు...” అన్నాడు మామయ్య. ఊపిరందలేదు. “అత్తయ్య... కుడి చెయ్యి...”

ఆయాసం మధ్యలో ముక్కలు ముక్కలుగా సంగతి బయటపడింది. కొన్నేళ్ల కింద అత్తయ్య స్నానాలగదిలో జారింది. ఏం కాలేదని దులుపుకుని లేచింది. ఆ మర్నాటి నుంచి బరువు పడితే ఆ భుజం వదిలేస్తోంది. నీళ్ల బకెట్టు చేజారడం మామయ్య కిటికీలోంచి చూశాడు. జారిన రోజు డాక్టరు దగ్గరికి పోదామన్నందుకే ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు, అందుకని బకెట్టు సంగతి చూసినట్టు ఆయన చెప్పనేలేదు. స్తంభం నిలబెట్టిన మనిషికి బకెట్టు ఎత్తలేనని ఒప్పుకోవడం ఎంత కష్టం?

“ఆవిణ్ణొక్కదాన్నే బరువు ఎత్తొద్దంటే చచ్చినా వినదు. అందుకని ఎవ్వరూ ఎత్తకూడదని రూలు పెట్టేశాను. పిచ్చోడన్నారు. అననీ, నాకేం పోయింది? పెదవి దాటితే పృథ్వి దాటుతుందంటారు. నాకు తెలిసినట్టు మీ అత్తయ్యకు తెలియకూడదు.”

మేనకోడలికి పాత రోజులు గుర్తొచ్చాయి. తన చిన్నప్పుడు ఇదే మామయ్య ఊరెళ్లాలంటే పరుపు చుట్టతో సహా బయల్దేరేవాడు. తర్వాతెప్పుడో ఇంట్లో అటకలన్నీ పీకించి, ఎత్తున పెట్టిన వస్తువు పరాయిదని సిద్ధాంతం చెబితే, తనే పార్లరుకొచ్చిన వాళ్లందరికీ కథలుగా చెప్పి నవ్వించింది. ఆ నవ్వులన్నీ ఇప్పుడు ముళ్లలా గుచ్చుకున్నాయి. ఎర్ర పెట్టెను తనే ఎత్తుకుని దిగింది. బరువని అనిపించలేదంటే అబద్ధం, చెయ్యి ఊడొచ్చినంత పనైంది.

మామయ్య ఊపిరి తీసుకుని వస్తానని మెట్ల మీదే ఆగిపోయాడు. కింద వరసలో అత్తయ్య చోటు పట్టుకుని ఉంది.

“ఏమన్నారే మీ మామయ్య?”

“ఏం లేదు అత్తయ్యా. తిట్టాడు.”

“చేతి సంగతి చెప్పారా?”

మేనకోడలు నేల చూపులు చూసింది. అత్తయ్య చిన్నగా నవ్వి గొంతు తగ్గించింది. “అంత వెర్రి రూలు ఎవరైనా ఊరికే పెడతారా? మొదటి రోజే అర్థమైంది నాకు. ఇందాక పాడు చెయ్యి, అలవాటు కొద్దీ ముందుకెళ్లిపోయింది. నాకు తెలుసన్న సంగతి ఆయనకు చెప్పకు. పాపం, ఎవరికీ తెలియకుండా కాపాడుతున్నానని మహా సంబరపడుతున్నారు. అందుకే నేనూ రోజుకోసారి తిట్టి పోస్తుంటాను. తిట్టకపోతే అనుమానం రాదూ?”

మేనకోడలికి నవ్వూ కన్నీళ్లూ ఒకేసారి వచ్చాయి. ఇటు ఒక రహస్యం, అటు ఒక రహస్యం, మధ్యలో తను. జన్మలో ఎన్నడూ మోయనంత సామాను అప్పుడే నెత్తికెక్కినట్టుంది. అయినా దింపుకోవాలని లేదు.

అంతలో అన్నయ్య దిగాడు. ఓడ దుకాణంలో మోజుపడి కొన్న రాతి ఏనుగును సంచీలో వేసుకుని వంగిపోతున్నాడు. రేవు గోడ ముందు అందరికీ ఒక ఫోటో తీస్తానని, “అత్తయ్యా, దీన్నొక్క నిమిషం పట్టుకో” అని సంచీ చాపాడు. అత్తయ్య చెయ్యి ముందుకొచ్చింది.

మేనకోడలు మధ్యలోకి దూకి ఆ చేతిని పక్కకు తోసేసింది. “ఎవర్నడిగి కొన్నావురా ఇది? ఒంటి చేత్తో ఎత్తలేనిది మనది కాదని తెలీదా? నీ ఏనుగును నువ్వే మోసుకో. ఎవరూ ముట్టుకోకండి.”

వరసంతా తిరిగి చూసింది. టవలు పెద్దమనిషి కూడా చూశాడు. అన్నయ్య ఏనుగును రెండు చేతులా పొదువుకుని, చెల్లెల్నీ, అప్పుడే మెట్లు దిగి వస్తున్న మామయ్యనూ మార్చి మార్చి చూశాడు. అత్తయ్య ఆకాశం వంక చూస్తూ పెదవి బిగబట్టింది. మామయ్య ఏమీ ఎరగనట్టు మీసం తడుముకున్నాడు.

“మేనమామ పోలిక ఎక్కడికి పోతుంది” అని నిట్టూర్చాడు అన్నయ్య. “ఇంటికొక్కరు చాలరా అనుకున్నాను.”

“చాలరు” అంది మేనకోడలు.