లేని ఫోనుకి ఎంత మెమరీ

ఆఫీసులో ఆమెను నత్తక్క అంటారు. ఎదురుగానే, నవ్వుతూ అంటారు. అందువల్ల కోప్పడటానికి కూడా వీల్లేకుండా పోయింది.

మందులు వేసుకునే వేళకు అలారం మోగించే యాప్‌ను పరీక్షించడం ఆమె పని. రకరకాల ఫోన్లలో అది మోగుతుందో లేదో చూడాలి. అన్ని ఫోన్లు కొనే కంపెనీ కాదు. అందుకని కంప్యూటర్ లోపలే ఒక ఉత్తుత్తి ఫోను తెరిచి, అందులో యాప్ నడిపి, "చూశాను" అని రాసి పంపాలి.

"ఇంతకీ ఏం ఉద్యోగమే నీది?" అని అత్తగారు ఒకసారి అడిగింది.

"లేని ఫోన్లు నొక్కి చూస్తానత్తయ్యా."

"ఉన్న ఫోను మోగితే ఎత్తవు గానీ."

ఉత్తుత్తి ఫోను ఊరికే రాదు. నిజం ఫోనుకు కావలసినంత మెమరీని కంప్యూటర్ నుంచే లాక్కుంటుంది. ఆమెకిచ్చిన కంప్యూటర్‌లో ఉన్నదే నాలుగు జీబీ. అది తన బతుకు తాను బతకడానికే చాలదు. ఫోను తెరిస్తే ఫ్యాను రొద పెడుతుంది, తెర నల్లబడి నిలిచిపోతుంది, మౌస్ కదిపితే బాణం కాసేపు ఆలోచించుకుని కదులుతుంది. పదహారు జీబీ కావాలని ఏడాదిగా అడుగుతోంది. ముప్పై రెండు జీబీ కంప్యూటర్ వచ్చింది, ముందుగదికి. వచ్చేపోయేవాళ్లకు అది రోజంతా కంపెనీ వీడియో చూపిస్తుంది.

"ఉత్తుత్తి ఫోనుకి నిజం మెమరీ ఎందుకమ్మా?" అన్నాడు మేనేజరు. గదంతా నవ్వింది. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు మెషీన్ని అంటే ఎలా? పక్కవాళ్లు చేయట్లేదా?"

పక్కవాళ్లు ఎలా చేస్తున్నారో ఆమెకు తెలుసు. తెర మీద యాప్ బొమ్మ కనబడగానే "చూశాను" అని రాసేస్తారు. అబద్ధం కాదు, బొమ్మను చూశారు. అలారం మోగేదాకా కూర్చునేది ఆమె ఒక్కతే.

యాప్ విడుదలయ్యే రోజు వచ్చింది. సాయంత్రానికి పని తేలకపోతే రేపట్నుంచి ఫిర్యాదుల ఫోన్లు ఎత్తాలని ఆమెకు ముందే చెప్పారు. ఒక పాత రకం ఫోనులో అలారం ఆలస్యంగా మోగింది. ఆమె మేనేజర్ని పిలిచింది.

అతను కుర్చీ వెనక నిలబడి చూశాడు. "యాప్ తప్పు కాదులే. నీ మెషీను స్లో. చూశానని రాసెయ్."

ఆమె వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి.

"నిన్నటిదాకా నేను స్లో. ఇవాళ మద్దెలే ఓడైందా సార్?"

ఎవరో నవ్వబోయి దగ్గారు.

"వాదన ఎందుకమ్మా?"

"లేటు యాప్‌దో మెషీన్‌దో దీంట్లో తేలదు. తేలకుండా చూశానని ఎలా రాయను? దీన్ని నమ్ముకుని ఎవరో గుండె మాత్ర వేసుకోవాలి."

"వాళ్లింట్లో గడియారం ఉండదా ఏం?"

"గడియారం చాలితే మనమెందుకు సార్?"

లేచి ముందుగదికి నడిచింది. అక్కడ కూర్చునే అమ్మాయి కుర్చీ వదిలి పక్కకు జరిగింది. ఆమె వీడియో ఆపింది, అదే పాత రకం ఉత్తుత్తి ఫోను తెరిచింది. కుళాయి తిప్పితే నీళ్లు వచ్చినట్టు వచ్చింది. అలారం పెట్టి, చేతులు కట్టుకుని కూర్చుంది. మేనేజరు వెనకే వచ్చి నిలబడ్డాడు. చెప్పిన వేళకు అలారం మోగింది.

"చెప్పానా, యాప్ బాగానే ఉందని."

"చెప్పారు. చూడలేదు."

"చూశాను" అని రాసింది. కోపం తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. ఈ ఏడాదంతా తాను నత్తనేనని తనే నమ్మింది. ఇంట్లో కూరలు తరుగుతున్నా చేతులు చురుగ్గా ఆడటం లేదేమోనని వేళ్ల వంక చూసుకునేది. పెళ్లయిన కొత్తలో నా చేతులు ఇలా లేవు కదా అని భర్తను అడిగితే, అతను అర్థంకాక నవ్వేవాడు.

"ఇక లేమ్మా, వీడియో పెట్టాలి. మనుషులొచ్చే వేళయింది."

"రానివ్వండి సార్. పాత ఫోన్లు ఇంకా ఉన్నాయి," అని ఆమె కుర్చీ ముందుకు లాక్కుంది.