గరాజ్‌లో టమాటాలు ఉడికిన రోజు

మా చిన్నప్పుడు... టొరంటో శివార్లలో, ఎటోబికోలో ఆగస్టు నెలాఖరు వచ్చిందంటే మా ఇంటి గరాజ్‌లోంచి కారు బయటికి, టమాటా బుట్టలు లోపలికి!

ఇల్లు మాది కాదు, రోకో తాతది. ఎప్పుడో ఇటలీ నుంచి వచ్చేసిన మనిషి. కింద ఆయనా, ఫ్రాంకా బామ్మా... పైన అమ్మా నాన్నా నేనూ... బేస్‌మెంట్ గదిలో రెడ్డెమ్మక్క. మన కాలేజీ పిల్లలు విమానాల నిండా దిగుతున్న రోజులవి. అక్కది మదనపల్లె దగ్గర పల్లెటూరు. చదువు అయిపోయి ఎయిర్‌పోర్టు పక్కన గోడౌన్‌లో పని చేసేది. సూట్‌కేసు ఎప్పుడూ సగం సర్దే ఉండేది... ఎందుకక్కా అంటే "రేపు యాడికి పోవాల్నో తెలీదు గదా పాపా" అనేది. నిలబడే తినేది, నడుస్తూ ఫోన్ మాట్లాడేది. ఆమెను చూస్తుంటే నాకూ కాళ్లు ఒకచోట నిలిచేవి కావు.

ఏడాదికి సరిపడా టమాటా గుజ్జు ఒక్క రోజులో చేసి సీసాలకెత్తడం రోకో తాత వాళ్ల ఊరి అలవాటు... మనకి ఆవకాయ పెట్టే రోజు ఎలాగో వాళ్లకి అది అలాగ. తాత మిషన్ తిప్పుతుంటే తొక్కలూ గింజలూ ఓ పక్కకి, ఎర్రటి గుజ్జు ఓ పక్కకి. గంగాళమంత గిన్నెలో అది ఉడుకుతుంటే అమ్మ తెడ్డు పట్టుకునేది. మధ్యలో గుట్టు చప్పుడు కాకుండా ఓ బుట్ట మేడ మీదికి చేరవేసేది, నిలవ పచ్చడికి!

ఫ్రాంకా బామ్మ మాత్రం కుర్చీ వేసుకుని కూర్చుని మొగుణ్ణి ఆడిపోసుకునేది. ఆవిడది ఇటలీ ఉత్తరం... ఫ్యాక్టరీలు, డబ్బు, మంచి రోడ్లు. ఆయనది దక్షిణం... రాళ్లూ, ఎండా, మేకలూ.

"మా వైపు ఫ్యాక్టరీలు లేకపోతే ఈయన ఇంకా మేకల వెనకాలే తిరుగుతుండేవాడు."

"ఆ ఫ్యాక్టరీల్లో ఒళ్లు వంచిందెవరు? మేమేగా!"

పని కోసం తాత ఉత్తరానికి వెళితే, దక్షిణాది వాళ్లకి గదులు లేవని గుమ్మాలకి బోర్డులు కనిపించాయట. అది విని అక్క పడీ పడీ నవ్వింది. గది కోసం తను ఫోన్ చేసిన చోటల్లా "స్టూడెంట్సా? వద్దు" అన్నవాళ్లే మరి.

మా తెలుగువాళ్లలోనూ అలాంటి గొడవే ఒకటుంది. నాన్నది కోనసీమ. కాలువ గట్టున పుట్టిన మనిషికి నీళ్లు లేని ఊరంటే కాస్త లోకువ. "మీ వైపు బిందెడు నీళ్లు కనిపిస్తే దణ్ణం పెడతారటగా!" అని అక్కని ఏడిపించేవాడు. అక్క నవ్వేసి ఊరుకునేది.

ఒక ఏడాది టమాటాల రోజుకి అక్కకి ఎక్కడో దూరాన విన్నిపెగ్‌లో ఓ ఆఫీసు ఉద్యోగం వచ్చి ఉంది. సోమవారంలోగా ఔననో కాదనో చెప్పాలి. వర్క్ పర్మిట్ గడువు చూస్తే కరిగిపోతోంది. అక్కడైతే ఈ దేశంలో స్థిరపడిపోయే పీఆర్ తొందరగా వస్తుందని ఆశ, తెలిసినవాళ్లు ఒక్కరూ లేరని భయం. వెళ్లకూడదని నేను రోజూ మొక్కుకునేదాన్ని. నాకు జడ వేసేది, లెక్కలు చెప్పేది... నాకున్న ఒకే ఒక్క అక్క మరి.

సీసాలకి మూతలు బిగిస్తూ అక్క ఆ మాట ఎత్తింది. నాన్న వెంటనే అందుకున్నాడు.

"అక్కడేవుందమ్మా, మంచు తప్ప? టొరంటో వదులుకుని ఎవరైనా వెళతారా? చక్కగా ఇక్కడే ఉండు."

మంచికే అన్నాడు. అక్క ఉండిపోతే బావుండునని ఆయనకీ ఉంది. కానీ అక్క చేతిలో సీసా కింద పెట్టేసింది.

"మా ఊరి గురించి గూడా అందరూ ఇట్లనే అంటారు అంకుల్... ఆడ ఏముండాది అని. ధర పడిపోతే మా నాయన టమాటాలు రోడ్డు పక్కన పారబోసి ఉత్త చేతులతో వచ్చేవాడు. నిజమే. అట్లాంటి ఊళ్లో ఏముండాది అంటే... మేముండాం గదా!"

ఏమైందని ఫ్రాంకా బామ్మ అడిగితే నేనే ఇంగ్లిష్‌లో చెప్పాను. రోకో తాత మిషన్ ఆపేశాడు.

"మా ఊరినీ అలాగే అన్నారు. అని అని, ఒక్కొక్కరే వెళ్లిపోయి... ఇప్పుడు నిజంగానే అక్కడ ఎవరూ లేరు" అన్నాడు. బామ్మ కుర్చీలోంచి లేచి వచ్చి సీసాలకి మూతలు బిగించడం మొదలుపెట్టింది.

సాయంత్రానికి అక్క విన్నిపెగ్ వాళ్లకి వస్తానని చెప్పేసింది. బయల్దేరిన రోజు ఎయిర్‌పోర్టుకి నాన్నే తీసుకెళ్లాడు. నేను వెనక సీట్లో ఏడుస్తూనే ఉన్నాను. ఆ మాట అన్నందుకు నాన్న మీద కోపం చాలా రోజులు పోలేదు నాకు.

తర్వాత మేమూ కుదురుగా ఉన్నది లేదు. రోకో తాత ఇల్లు అమ్మేశాడు. మేం ఇల్లు మారి, మళ్లీ మారి, చివరికి టొరంటోకి ఆ చివర ఏజాక్స్‌లో అప్పు చేసి ఒకటి కొనుక్కున్నాం. ఇప్పుడు మా వీధిలో ఎవరి గరాజ్ తలుపు వారు వేసుకుంటారు. స్టూడెంట్స్ రావడం తగ్గిపోయి, అద్దెకిస్తామని బోర్డు పెట్టినా అడిగేవాళ్లు లేరు.

మొన్నీ మధ్య నాన్న ఉద్యోగం పోయింది. కొన్నాళ్లు ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. ఓ ఆదివారం తనే, విన్నిపెగ్‌లో ఇల్లు కొనుక్కున్న అక్కకి ఫోన్ చేశాడు. "అక్కడ మా లైన్‌లో ఉద్యోగాలు ఎలా ఉన్నాయమ్మా?" అని అడుగుతుంటే ఆ గొంతు నాన్నదేనా అనిపించింది. నాకు ఎంత బాధేసిందో చెప్పలేను.

అక్క ఒక్క క్షణం ఆలోచించలేదు. పాత మాట ఎత్తనూ లేదు.

"వచ్చేయండి అంకుల్. మా బేస్‌మెంట్ ఖాళీగానే ఉండాది. ఉద్యోగం దొరికేదాకా అందరూ ఈడనే ఉండచ్చు."

నాన్న "సరేనమ్మా" అని మాత్రం అనగలిగాడు.

వెళతామో లేదో ఇంకా తేలలేదు... ఒకే కప్పు కింద ఎక్కడెక్కడి వాళ్లమో కలిసి పొద్దంతా టమాటాలు ఉడకబెట్టిన ఆ రోజులు మాత్రం పోయాయి. మీ ఇంటి కింద గదిలో కొన్నాళ్లుండి వెళ్లిపోయిన అక్కో, అన్నయ్యో ఎవరైనా ఉన్నారా? ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నారు? వాళ్ల నంబరు ఇంకా మీ దగ్గర ఉందా?