తెలిసేదాకా ఉన్నట్టే

మా దొడ్డమ్మ ఈ మధ్యనే ఐనవిల్లిలో పోయింది. పడవ మీద కబురొచ్చింది. ఆమెను తలుచుకుని నేను చెప్పబోయే సంగతి మగవాడు రాయదగినది కాదని కొందరు ముఖం చిట్లిస్తారు. చిట్లించనివ్వండి. ఇలాంటి మాట నోట రానివ్వకనే మన ఇళ్ళలో ఆడపిల్లల ప్రాణాల మీదికి తెస్తున్నాం.

ఇరవై ఏళ్ళ నాటి మాట. మా చెల్లెలు అత్తవారింటి నుంచి వచ్చింది. పొద్దున్నే వాంతులు. గంజి వాసన తగిలితే కొంగు ముక్కుకు చేరేది. కూర్చున్న చోటే నిద్ర. మా అమ్మ పైత్యమంది. లంఖణాలు పెట్టింది, తాగించడానికి ఆముదం తీసింది. నెల తప్పిందేమోనన్న అనుమానమే లేదు. ఎందుకుంటుంది? కిందటి నెల పిల్ల పశువులపాక పక్కన చాప వేసుకుని దూరంగా కూర్చుంది కదా! మన ఆచారానికి చాప సాక్ష్యం చాలు, పిల్లని అడగక్కర్లేదు.

దొడ్డమ్మ అడిగింది. మా అందరి ముందే అడిగింది.

"ఎప్పటిలాగే అయిందా అమ్మా?"

"లేదు దొడ్డమ్మా. కాస్త మరక కనపడింది, అంతే. అంటు కదా అని కూర్చున్నాను."

"రొమ్ములు సలుపుతున్నాయా?"

చెల్లెలు తలూపింది. మా నాన్న లేచి వీధిలోకి వెళ్ళిపోయేరు.

"మగాళ్ళున్నారే అక్కా!" అంది అమ్మ.

"ఉంటే ఉన్నారు. ఆ ఆముదం ఇలా ఇయ్యి."

"అయితే కడుపేనంటావా?"

"ఏమోనే. మరక చూసి ముట్టనీ అనలేం, వాంతి చూసి కడుపనీ అనలేం. ఈ నెల కూడా రాకపోతే అప్పుడు చెబుతాను. తెలిసేదాకా ఉన్నట్టే చూసుకో. ముందు దానికి అన్నం పెట్టు."

ఆ నెల రాలేదు. తరవాత ఆడపిల్ల పుట్టింది. ఆముదం తాగి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. తెలుసుకోవలసిన అవసరం రాకుండా చేసింది ఆమె.

చెయ్యి పట్టుకుని చూసి మగపిల్లాడని చెప్పేసేవాళ్ళు మనకి ఊరూరా ఉన్నారు. దొడ్డమ్మ దగ్గరికి వచ్చి అలా అడిగితే తడిచెయ్యి కొంగుకి తుడుచుకుంటూ నవ్వేది. "ముందు ఉందో లేదో తేలనియ్యండమ్మా" అనేది. తెలియనిదాన్ని తెలియదనడానికి మన పెద్దలకి ఎందుకంత నామోషీ?

దొడ్డమ్మ కర్మల నాడు, అప్పుడు పుట్టిన ఆ మేనకోడలే అత్తవారింటి నుంచి ఐనవిల్లి వచ్చింది. పెరట్లో అన్నం వారుస్తుంటే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది.

"కిందటి నెల కూర్చున్నావటే?" అని ఎవరో ముసలావిడ మొదలెట్టింది.

"అది వచ్చే నెల చూద్దాం లెండి" అంది మా అమ్మ. మనవరాలిని గంజికి దూరంగా, గాలి తగిలే అరుగు మీదికి నడిపించింది. నిమ్మకాయ పిండిన అన్నం ముద్ద చేసి దాని చేతిలో పెట్టింది. పిల్ల తినేదాకా పక్కనే విసనకర్రతో విసురుతూ కూర్చుంది.