మూసిన షట్టర్‌కు నోటీసు

ఊరి నుంచి వలస వచ్చిన మా పక్కింటి యాదగిరికి ఇక్కడ ఉధ్నాలో మరమగ్గాల షెడ్డు ఉంది. తాకట్టులో ఉన్న ఆ షెడ్డును బ్యాంకు ఎల్లుండి వేలం వేస్తోందని ఆయనకు నిన్ననే, అదీ ఎవరో చెబితే తెలిసింది. ఇవాళ బ్యాంకుకు నేనూ తోడు వెళ్లాను. నెల ముందే నోటీసు ఇవ్వాలి కదా అని అడిగితే ఆఫీసరు ఫోటో చూపించాడు. దీపావళి సెలవుల్లో, మూసిన షట్టర్‌కు నోటీసు అతికించారు!

"గప్పుడు మగ్గాలన్నీ బంద్ సార్. మేమంత ఊర్లె ఉంటిమి. మేమొచ్చేవరకు గా కాయితమే లేదు. మా ఊరి అడ్రసు వీళ్ల కాడ ఉన్నది గద!" అన్నాడు యాదగిరి నాతో.

అదే మాట హిందీలో చెప్పాను.

"అతికించడం వరకే మా పని. ఎవరు చదివారో మాకెందుకు?" అన్నాడు ఆఫీసరు.

ఒళ్లు మండిపోయింది. అదే దీపావళికి అదే బ్యాంకు పంపిన శుభాకాంక్షల కార్డు మాత్రం ఊళ్లో ఆయన గుమ్మం దాకా చేరిందట. పండక్కి దొరికిన అడ్రసు నోటీసుకు ఎందుకు దొరకలేదో మీలో ఎవరైనా చెప్పండి.